ఆరుంబావు శాతం

గురువారం పొద్దున నేను గేటు దాటేసరికి నోటీసు బోర్డు చుట్టూ ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. నన్ను చూడగానే అందరూ పక్కకు జరిగారు. జనం అడక్కుండానే దారిచ్చారంటే మనకేదో మూడిందని నాకు చిన్నప్పటినుంచీ అనుభవం. చంకలో ఉన్న పిల్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుని ముందుకెళ్లాను.

బోర్డు మీద కొత్త కాగితం. ఫ్యాక్టరీలో ఉన్న ఒక్కో మెషిన్‌కీ ఒక్కో వరస, వరస చివర ఒక అంకె. పైన ముప్పై తొమ్మిది, దాని కింద ముప్పై ఏడు, అలా దిగుతూ దిగుతూ వచ్చి, అట్టడుగున ఎర్ర సిరాతో: మార్కర్ కంప్యూటర్, 6.

"పక్కన సున్నా వెయ్యడం మర్చిపోయారేమో చూడవే," అంది కాలర్లు కుట్టే అక్క. "నాది పంతొమ్మిదని నిన్నటిదాకా తలెత్తుకోలేకపోయాను. నువ్వుండగా ఇంక నాకేం దిగుల్లేదు తల్లీ, చల్లగా ఉండు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిల్ల నా ముఖం చూసి తనూ నవ్వింది. దానికి పద్నాలుగు నెలలు. నేను నవ్వితే నవ్వుతుంది, నేను భయపడితే ఏడుస్తుంది. అందుకే దాని ముందు భయపడకూడదని రోజూ అనుకుంటాను, రోజూ ఓడిపోతాను.

మా ఫ్యాక్టరీలో చొక్కాలు కుడతారు. కిందటేడు ప్రతి కుట్టు మెషిన్‌కీ అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి బిగించారు. సూది నడిచినంతసేపూ అది లెక్కపెడుతుంది. ఎనిమిది గంటల్లో సూది నడిచింది ఎంతో, వందకు ఇంత అని చెబుతుంది. బట్ట అందుకోవాలి, మడవాలి, తిప్పాలి, దారం తెంపాలి. వీటన్నిటికీ సూది ఆగుతుంది కాబట్టి ముప్పై ఐదు దాటిన మనిషి మొనగత్తె కింద లెక్క. ఈ అంకెలు పోగుచేసేవాడు స్టాప్‌వాచ్ సారు. మెడలో తాడుకు గడియారం వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయన కూడా వెనక్కి తిరిగి చూడడు.

ఈ నెల నా కంప్యూటర్‌కూ లెక్క కట్టమని ఆయనకు పైనుంచి ఆజ్ఞ వచ్చిందట. కంప్యూటర్‌కు సూది లేదు కదా. అందుకని ప్రాసెసర్ ఎంత వాడకంలో ఉందో నిమిషానికోసారి రాసిపెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి అందులో పెట్టి, వారం సగటు తీసి, ఆ అంకెను తెచ్చి సూదుల పక్కన నిలబెట్టాడు.

నేను కుట్టను. కటింగ్ గదిలో ఓ మూల కంప్యూటర్ ముందు కూర్చుంటాను. చొక్కాకు ముందుభాగం, వెనకభాగం, చేతులు, కాలరు, జేబు, ఇలా అన్ని సైజుల ముక్కలనూ బట్ట వెడల్పులో ఎలా ఇరికిస్తే తక్కువ బట్ట పడుతుందో వెతకాలి. ఆ అమరికనే మార్కర్ అంటారు. ముక్కలు ఎంచి, బట్టలో నూలు పోగులు ఎటు నడుస్తాయో సరిచూసి నేను బటన్ నొక్కితే, ప్రోగ్రాం ఇరవై నిమిషాలు ముక్కలను అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి ఒక అమరిక ఇస్తుంది. దాన్ని పెద్ద కాగితం మీద అచ్చు తీసి కటింగ్ మాస్టారుకి ఇస్తాను. ఆయన బట్ట పొరలు పరిచి, పైన ఆ కాగితం వేసి, కరెంటు కత్తి నడుపుతారు.

తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. దారాలు కత్తిరించే పనికి వచ్చి, పాత ఆపరేటరమ్మ కుర్చీ వెనక నిలబడి చూసి చూసి నేర్చుకున్నాను. ఆవిడ మానేసిన రోజున మాస్టారు, "ఈ పిల్లకు వచ్చు, కూర్చోబెట్టండి," అన్నారు. నా డిగ్రీ అంతా ఆ ఒక్క మాటే.

తొమ్మిదింటికి మేనేజర్ పిలిపించాడు.

"రెండు నెలలైంది కొత్త కంప్యూటర్ వచ్చి. వందలో ఆరు వాడుతున్నావు. మిగతా తొంభై నాలుగూ ఏం చేస్తున్నట్టమ్మా?"

"నేను ఖాళీగా కూర్చోవట్లేదు సార్. ఒకటి తిరుగుతుంటే ముందుది అచ్చు తీస్తాను, తర్వాతదానికి ముక్కలు..."

"నేనేమీ అనట్లేదే! నీ కంప్యూటరే అంటోంది." కాగితం నా వైపు తిప్పాడు. "శనివారం నాలుగింటికి వారం షీటు మూస్తాం. అప్పటికి ఈ అంకె బాగుపడిందా, సరే. లేదా, సోమవారం నుంచి దారాల లైను. రెండో షిఫ్టు."

రెండో షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి మొదలెట్టి రాత్రి పదింటికి వదులుతారు. మేం పనిలో ఉన్నంతసేపూ ఆయమ్మ దగ్గర పిల్లలను ఉంచే ఫ్యాక్టరీ పిల్లల గది ఐదింటికి మూసేస్తారు. మా ఆయన సరుకుల వ్యాను తోలుతాడు, తొమ్మిదైతే గానీ ఇల్లు చేరడు. ఐదు నుంచి తొమ్మిదిదాకా పిల్లను చూసే మనిషి నాకు ఈ లోకంలో లేదు. అంటే నన్ను లైను మార్చడం కాదు అది. పొమ్మనకుండా పొగబెట్టడం.

"శనివారం చూద్దాం సార్," అన్నాను. బయటికొచ్చి నేరుగా నా కుర్చీ దగ్గరికి వెళ్లాను.

ఆ రోజంతా పని చేస్తూనే ఆ ఆరు వైపు చూశాను. తెరమీద ఒక మూల చిన్నగా కనిపిస్తూ ఉంటుంది. ప్రోగ్రాం తిరుగుతున్నంతసేపూ ఆరు. పక్కన ఏదైనా తెరిస్తే ఏడు, మళ్లీ ఆరు. నాకు చిత్రంగా అనిపించింది అదే. బద్ధకస్తుడి పని ఒక్క తీరున ఉండదు. కాసేపు పదవుతుంది, కాసేపు సున్నా అవుతుంది. ఇది గానుగెద్దు నడిచినట్టు ఆరు దగ్గరే తిరుగుతోంది.

ఇంకోటి గుర్తొచ్చింది. పాత కంప్యూటర్‌లో ఇదే ప్రోగ్రాం తిరుగుతుంటే ఆ మూల అంకె ఎప్పుడూ ఇరవై ఐదు. ఒక మార్కర్‌కు అరగంట పట్టేది. కొత్తది ఇరవై నిమిషాల్లో ఇస్తోంది. త్వరగా ఇచ్చేదానికి ఆరా, ఆలస్యంగా ఇచ్చినదానికి ఇరవై ఐదా? ఇదెక్కడి న్యాయం?

పాతది మొరాయించినప్పుడు ఆపరేటరమ్మ ఒక పేజీ తెరిచి చూసేది. అందులో నాలుగు గడులుండేవి, ఒక్కో గడిలో ఒక గీత పాకుతూ ఉండేది. ఆ రోజు మార్కర్లన్నీ అయ్యాక అదే పేజీ కొత్తదాంట్లో తెరిచాను. గడులు లెక్కపెట్టాను. పదహారు.

మాస్టారి కొలత టేపు నా మెడలోనే ఉంది. అంగుళానికి పదహారు గీతలు. ఆ గీతల్లోనే బతుకుతున్నాను కాబట్టి లెక్క చేతివేళ్ల మీదికి వచ్చేసింది. వందను నాలుగు భాగాలు చేస్తే ఇరవై ఐదు. పదహారు భాగాలు చేస్తే ఆరుంబావు. పదహారో వంతును మా అమ్మమ్మ వీసం అనేది.

అంటే లోపల పదహారు మంది పనివాళ్లున్నారు. నా ప్రోగ్రాం ఒక్కడినే పెట్టుకుని చేయిస్తోంది. ఆ ఒక్కడు ఒళ్లు దాచుకోకుండా చేస్తున్నాడు. పక్కన పదిహేను మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందరినీ కలిపి సగటు తీస్తే, కష్టపడుతున్నవాడు కూడా ఆరుంబావు అయిపోయాడు!

నాకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది, రెండూ ఒకేసారి.

శుక్రవారం పదింటికి మేనేజర్‌నీ స్టాప్‌వాచ్ సారునీ నేనే పిలిచాను. కటింగ్ గదిలో వాళ్లంతా పని ఆపి చూశారు. వాకిట్లో కాలర్ల అక్క, నీళ్లు తాగే వంకతో.

"సార్, వీటిలో పదిహేను గడులు ఖాళీగా ఉంటాయి, ఒక్కటి మాత్రం నిండా ఉంటుంది. ఆ ఒక్కటే నా పని," అని బటన్ నొక్కి, గడుల పేజీ తెరిచాను.

ఏ గడీ నిండలేదు.

పదహారు గడుల్లోనూ చిన్న చిన్న అలలు. ఒకదాంట్లో కాస్త లేస్తుంది, పడిపోతుంది, ఇంకోదాంట్లో లేస్తుంది. అన్నీ నిద్రలో ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి.

"ఏదమ్మా నీ ఒక్కటి?" మేనేజర్ వంగి చూశాడు. "నాకు పదహారు మంది సోమరులు కనపడుతున్నారు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు మండిపోయాయి. "లెక్క ప్రకారం అయితే ఆరుంబావు..." అని ఏదో గొణిగాను.

"లెక్కలు మా స్టాప్‌వాచ్‌కు వదిలెయ్. నువ్వు రేపు నాలుగింటికల్లా సామాను సర్దుకో."

స్టాప్‌వాచ్ సారు మాత్రం వెంటనే కదల్లేదు. తెర వైపు చూస్తూ, "ఏ గడీ నిండలేదు గానీ, మొత్తం మాత్రం ఆరు దాటట్లేదు, దిగట్లేదు," అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత ఆయనా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పిల్లకు పాలివ్వడానికి పిల్లల గదికి వెళ్లాను. గుమ్మం ఇవతలికే ఏడుపు వినపడింది. ఆ ఏడుపు నా పిల్లదేనని నా గుండె ఎప్పుడూ ముందే తీర్పు చెప్పేస్తుంది. ఈసారి నిజంగానే నా పిల్లది. ముక్కు కారుతోంది, ఒక కాలికి సాక్సు లేదు. చూడగానే పొద్దుటి మంటంతా ఆయమ్మ మీదికి పోయింది.

"ఎంతసేపటినుంచి ఏడుస్తోంది ఆయమ్మా? దగ్గరుండి చూడొద్దా? ఒక్కసారైనా ఎత్తుకున్నావా అసలు?"

ఆయమ్మ ఒక పిల్లాడి మూతి తుడుస్తోంది, ఇంకో చేత్తో ఉయ్యాల ఊపుతోంది. నా వైపు తిరగనైనా తిరగలేదు.

"ఎత్తుకున్నా. పది నిమిషాల కింద. మధ్యలో ఆ మూలది కక్కుకుంటే అటెళ్లా. అటునుంచి వీడు. వీడి తర్వాత మళ్లీ మీదే. పదకొండు మందమ్మా! పదకొండు మందిలో ఎవరిని అడిగినా ఆయమ్మ నా దగ్గర లేదనే అంటారు. పొద్దుట్నుంచి నా నడుము నేలకు ఆనలేదు. అది అడగవేం?"

పిల్లను ఎత్తుకున్నాను గానీ, పాలివ్వడం మర్చిపోయి అక్కడే నిలబడ్డాను.

ఏ ఉయ్యాల పక్కన కూర్చుని చూసినా ఆయమ్మ దాదాపు లేనట్టే. ఆవిడ వెనకాలే నడిచి చూస్తే మాత్రం ఆవిడకు ఊపిరాడటం లేదు. నేను పొద్దున ఉయ్యాలలను చూశాను. చూడాల్సింది ఆయమ్మను. నా ప్రోగ్రాంను కంప్యూటర్ ఒకచోట కుదురుగా కూర్చోనివ్వట్లేదు. ఈ గడిలో రెప్పపాటు, ఆ గడిలో రెప్పపాటు తిప్పుతోంది. అందుకే ఏ గడీ నిండలేదు. మొత్తం మాత్రం ఆరుంబావే.

"తప్పయిపోయింది ఆయమ్మా," అన్నాను.

"సాక్సు ఉయ్యాల కింద ఉంటుంది చూడు," అంది ఆవిడ.

శనివారం గంట ముందే వెళ్లాను. పిల్లను దించి, నుదురు మూడుసార్లు తాకి చూసి, జ్వరం లేదని ఆయమ్మ చేత ఒట్టేయించుకుని కటింగ్ గదికి వచ్చాను. ప్రోగ్రాంల జాబితాలో నా ప్రోగ్రాం పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కితే ఓ పట్టీ తెరుచుకుంటుంది. 'వీటిలో ఏదీ ముట్టుకోకు, కొంప మునుగుతుంది' అని ఆపరేటరమ్మ చెప్పి ఉంది. ఎలాగూ మునిగేదే కదా అని ఒక్కొక్కటీ ముట్టుకున్నాను. ఒకచోట పదహారు అంకెలు, పదహారింటికీ టిక్కులు ఉన్నాయి. ప్రోగ్రాం ఎక్కడెక్కడ తిరగొచ్చో ఇచ్చిన అనుమతి అది. పదిహేను టిక్కులు తీసేసి ఏడోది ఒక్కటి ఉంచాను.

ఏడో గడిలో గీత నిట్టనిలువుగా లేచి, పైకప్పుకు తగిలి, అక్కడే నిలబడిపోయింది. మిగతా గడులన్నీ నేలకు అతుక్కున్నాయి. మూల అంకె: ఆరు.

స్టాప్‌వాచ్ సారును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. ఆయన చూశాడు. మెడలో గడియారం తీసి నొక్కాడు. మార్కర్ వచ్చేదాకా కదల్లేదు. ఇరవై నిమిషాలు, నాలుగు సెకన్లు.

"నిన్న తిరుగుతూ చేసినప్పుడు?"

"ఇరవయ్యే."

"అయితే నిన్న కూడా ఒక్కటే పనిచేస్తోంది. చోట్లు మార్చుకుంటూ." ఆయన మెడ గోక్కున్నాడు. "మీ ఆరు నిజంగా వందన్నమాట. ఒక్కదాని వంద." తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న అడిగేశాడు. "మరి ఆ పదిహేను ఖాళీగా ఉంటే, ఇంకో మార్కర్ తెరవచ్చుగా పక్కన? ఎందుకు తెరవలేదు మీరు?"

జవాబు గోడ మీదే ఉంది. మాస్టారు సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు: ఒకటి తెగాకే ఇంకోటి. నేను చేరకముందు ఒకేసారి రెండు రంగుల బట్ట పక్కపక్కనే పొరలు పరిచి కోశారట. ముక్కలు కలిసిపోయి తెల్ల చొక్కాలకు నీలం చేతులు కుట్టేశారు, నాలుగు వందల చొక్కాలకు. ఆ దెబ్బకు ఆ మాట గోడెక్కింది. ఆ మాట చూస్తూ పని నేర్చుకున్నదాన్ని, కంప్యూటర్‌లో కూడా ఒకటి అయ్యేదాకా ఇంకోటి ముట్టుకోలేదు. రెండు నెలలు! మేనేజర్ అన్నదంతా తప్పే గానీ, ఈ తప్పు మాత్రం నాది.

మాస్టారు దగ్గరికెళ్లి చెప్పాను. ఆయన కత్తి ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

"గోడ మీద రాసింది నా బల్లకి. నీ పెట్టెకి నేనెప్పుడు రాశానే?"

"మీరు చెప్పలేదు మాస్టారూ."

"నువ్వడగలేదు. పో, తెరువు. ముక్కలు కలిస్తే మాత్రం ఈ సుద్దముక్కతో నీ నుదుటి మీద రాస్తా."

తీసేసిన టిక్కులన్నీ మళ్లీ పెట్టి, రెండు మార్కర్లు తెరిచాం. అంకె పన్నెండుకు వెళ్లింది. నాలుగు తెరిస్తే ఇరవై ఐదు. ఎనిమిది తెరిస్తే యాభై. స్టాప్‌వాచ్ సారు అగ్గిపెట్టెంత పుస్తకంలో రాసుకుంటూ పోయాడు. ఎనిమిదీ కలిసి ఇరవై మూడు నిమిషాల్లో వచ్చేశాయి. పొద్దుగూకులూ చేసే పనిలో మూడో వంతు, టీ తాగినంతసేపట్లో! నా చేతుల్లో కాగితాలు చూసి మాస్టారు, "ఏంటే ఇది, అంట్లు తోమి బోర్లించినట్టు తెచ్చావు," అన్నారు.

అంతలో మేనేజర్ వచ్చాడు. తెర మూల అంకె చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"యాభై! చూశావా, గట్టిగా అడిగితే గానీ పని జరగదు." స్టాప్‌వాచ్ సారు ఏడో గడి సంగతి చెప్పబోతుంటే చెయ్యి ఊపాడు. "అదంతా తర్వాత. ఇంకా సగం ఖాళీగా ఉందిగా. పదహారు తెరువు. వంద చెయ్."

తెరిచాను. కావాలనే తెరిచాను. అంకె వందకు వెళ్లి నిలబడింది. మేనేజర్ ముఖం పెళ్లివారిల్లులా వెలిగింది. ఆ ముఖంతోనే భోజనానికి వెళ్లిపోయాడు.

వంద దగ్గర ఏం జరిగిందో చూసింది మేమిద్దరమే. బాణం గుర్తు నేను మౌస్ కదిపిన కాసేపటికి కదిలింది. తర్వాతి ముక్కల్లో నూలు దిశ చూద్దామంటే బొమ్మ తెరుచుకోదు. నేను నిజంగా చేతులు కట్టుకుని కూర్చున్నది ఆ రెండు నెలల్లో ఆ వంద శాతం ఉన్నంతసేపే. పదహారూ బయటికొచ్చేసరికి గడియారంలో నలభై మూడు నిమిషాలు.

"ఎనిమిది చొప్పున రెండుసార్లు చేస్తే నలభై ఆరు," అన్నాడు స్టాప్‌వాచ్ సారు. "మూడు నిమిషాల లాభం."

"నాకు నలభై మూడు నిమిషాల నష్టం. తర్వాతి ఎనిమిదింటికి ముక్కలు ఎంచి లేవు చూడండి."

ఆయన కంప్యూటర్‌తో వచ్చిన అట్టపెట్టె ఎక్కడుందో అడిగి, దాని మీది చీటీ చదివాడు. ఎనిమిది కోర్లు, పదహారు త్రెడ్లు. చదివి నా వైపు తిరిగాడు.

"పనివాళ్లు ఎనిమిది మందే అమ్మా. ఒక్కొక్కరికీ రెండేసి బల్లలు వేశారు. ఒక బల్ల దగ్గర సరుకు కోసం ఎదురుచూడాల్సి వస్తే రెండో బల్ల దగ్గర నాలుగు కుట్లు వేస్తారు, అంతే. బల్లలు లెక్కపెడితే సగం ఖాళీ. మనుషులను లెక్కపెడితే యాభైకే అందరూ పనిలో ఉన్నారు."

నాకు చీటీ అర్థం కాకపోయినా ఆ మాట అర్థమైంది. పొయ్యిలు రెండున్నా వండే మనిషి ఒక్కతే అయితే ఏమవుతుందో ఇంట్లో చూస్తూనే ఉన్నాను.

నాలుగింటికి పది నిమిషాలుందనగా మేనేజర్ షీటు పట్టుకుని వచ్చాడు. నా వరసలో వచ్చే వారం లక్ష్యం అన్నచోట అప్పటికే రాసేసి ఉంది: 100. పక్కన సంతకానికి ఖాళీ.

"సంతకం పెట్టు. వంద నిలబెట్టుకుంటే ఈ కుర్చీ నీదే. తగ్గితే రెండో షిఫ్టు. నేను న్యాయంగానే ఉన్నానా లేదా?"

పెన్ను నా చేతిలో పెట్టాడు. పెట్టేస్తే ఈ గండం గడిచిపోతుంది. ఎందుకూ పనికిరాని పదహారింటిని రోజంతా తిప్పుతూ, వంద చూపిస్తూ, చెయ్యాల్సింది చెయ్యలేక చచ్చేది నేనే అయినా, సోమవారం పొద్దున పిల్లను తీసుకుని ఇదే గేటులోంచి రావచ్చు. తల్లిని కదా, అదే ముందు తట్టింది. మరుక్షణం ఇంకోటి తట్టింది. ఈ వంద ఒకసారి ఒప్పుకుంటే రేపు ఏ తొంభై రెండుకో మళ్లీ ఇదే కాగితం, ఇదే రెండో షిఫ్టు. అబద్ధపు అంకె మీద పిల్ల ఉయ్యాల కట్టలేను.

"పెట్టను సార్."

"ఏంటీ?"

"వందకు సంతకం పెట్టను. యాభై దగ్గర ఆపుతాను. పని అక్కడే ఎక్కువ జరుగుతోంది."

"యాభై అంటే సగం! సగం పనికి కుర్చీ అడుగుతున్నావా?"

"ఆరన్నప్పుడు నేను సోమరిని. వందన్నప్పుడు నేను మొనగత్తెను. ఆరు దగ్గర గంటకు మూడు మార్కర్లు ఇచ్చాను, వంద దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నాను. మీ అంకెకు నా పని తెలియదు సార్. ఆయన గడియారానికి తెలుసు, అడగండి."

స్టాప్‌వాచ్ సారు పుస్తకం తెరిచాడు. ఇరవై, ఇరవై మూడు, నలభై మూడు. ఏడో గడి, అట్టపెట్టె చీటీ, అన్నీ చదివాడు. పాపం, మేనేజర్ వైపు చూడకుండా గోడకు చదివినట్టు చదివాడు. అయినా ఒక్కటీ వదల్లేదు. చివర, "సూదుల షీటులో దీన్ని పెట్టడం నా పొరపాటు సార్. సూది ఒక్కటే ఉంటుంది. ఇక్కడ ఎన్నున్నాయో చూడకుండా సగటు తీశాను," అన్నాడు. మెడలో గడియారం తాడును వేళ్లకు చుట్టుకుంటూనే ఉన్నాడు.

"నువ్వు కూడానా!" అన్నాడు మేనేజర్. తర్వాత మాస్టారు వైపు తిరిగాడు. "మీరేమంటారు? ఎక్కువ మార్కర్లు వస్తే మీకేగా లాభం?"

"నాకు ఇంకొక్కటి ఇచ్చినా ఈ కాగితాలు చుట్టుకుని పడుకుంటాను," అన్నారు మాస్టారు. "పొద్దుట్నుంచి వచ్చినవి చూడండి, బల్ల నిండిపోయింది. నా కత్తి ఒక్కటే నాయనా. దానికి పదహారు గడుల్లేవు."

గదిలో నవ్వు లేచింది. ఈసారి ఆ నవ్వు నా మీద కాదు. మేనేజర్ ముఖం ఎర్రబడింది.

"ఇది కాలేజీ కాదమ్మా, తిరిగి పాఠాలు చెప్పడానికి. ఎంత చదువుకున్నావు నువ్వు?"

"తొమ్మిది సగం సార్."

"మరి?"

"వందను పదహారుతో భాగించడం ఆరులోనే చెప్పారు."

నాకు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. పెన్ను మూత తీసి, ఆ 100 మీద అడ్డంగా గీత కొట్టాను. గీత వంకర పోయింది, అయినా గీతే. ఎనిమిదేసి నాలుగు విడతలు అని లెక్కేసి పక్కన రాశాను: రోజుకు ముప్పై రెండు మార్కర్లు, ముక్కలు సరిచూసి. దాని కింద సంతకం పెట్టాను. నా సంతకం మూడో తరగతి పిల్ల రాసినట్టుంటుంది. అందుకే ఎవరికైనా చదవడానికి వస్తుంది.

మేనేజర్ కాగితం అందుకుని మడిచాడు. "సోమవారం ఏ షిఫ్టో బోర్డు మీద చూసుకో," అని వెళ్లిపోయాడు.

నాలుగు గంట మోగింది. నేను పిల్లల గదికి నడిచాను. పరిగెత్తలేదు, అది మాత్రం గుర్తుంది.

ఆ రాత్రీ మర్నాడూ నేను ఎన్నిసార్లు పిల్ల నుదురు తాకి చూశానో లెక్కలేదు. మా ఆయన, "ఏమవుతుందే?" అంటే, "ఏమైనా అవనీ," అన్నాను. అన్నాక వెళ్లి స్నానాలగదిలో ఏడ్చాను. ఏడ్చి వచ్చి, "ఏమైనా అవనీ," అని మళ్లీ అన్నాను.

సోమవారం బోర్డు దగ్గరికి వెళ్లేసరికి ఇంకా ఎవరూ రాలేదు. షీటు మారింది. సూదులన్నీ ఎప్పటిలాగే పైనుంచి కిందికి దిగుతున్నాయి. మార్కర్ కంప్యూటర్ వరసలో శాతం అంకె లేదు. అక్కడ ఒక గీత కొట్టి, మార్కర్లు: 32 అని స్టాప్‌వాచ్ సారు చేతిరాతతో ఉంది. చివర షిఫ్టు గడిలో ఒకటి, పొద్దుటి షిఫ్టే.

పిల్లను ఆయమ్మకిచ్చి, కుర్చీలో కూర్చుని, ఎనిమిదింటిని తెరిచాను. పదకొండింటికి మేనేజర్ కటింగ్ గదిలోంచి పోతూ పోతూ నా వెనక ఆగాడు. తెర మూల యాభై ఉంది. ఆయన చెయ్యెత్తి దాన్ని చూపించి నోరు తెరిచాడు. నేను చూపుడువేలు అచ్చు తీసిన కాగితాల మీద పెట్టి, ఆయన కళ్లలోకి చూశాను. కుర్చీలోంచి లేవలేదు. ఆయన నోరు మూసుకుని, కత్తి చప్పుడు వస్తున్న వైపుకి వెళ్లిపోయాడు.